నేను ద్రోహిని చేసిన ముసలమ్మ

ఆ ఆదివారం నేను చేసిన తప్పు ఇది. ఒక ముసలమ్మను ద్రోహిగా రాసిన నా నవలను తీసుకుపోయి స్వయంగా ఆమె చేతిలోనే పెట్టాను. ఆమె చేయించిన జొన్నరొట్టెలు, కోడికూర తిన్నాను. పచ్చిపులుసు మళ్లీ పోయించుకున్నాను. సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను.

ఆమెకు చదువు రాదు. నా ధైర్యానికి అదొక కారణం. ఆమె కొడుక్కి చదువొచ్చు, కానీ చదవడని నా నమ్మకం. అతను మా ఫ్యాక్టరీలోనే మెషిన్‌షాపులో పనిచేసేవాడు. ప్లాంటు కోసం భూమి పోయిన కుటుంబం కాబట్టి అతనికి ఉద్యోగమిచ్చారు. రోజూ కంపెనీ బస్సులో నా పక్కనే కూర్చునేవాడు. నాతో తన ఇంటి సంగతులన్నీ చెప్పేవాడు. నేను వింటూ, మనసులో అతని యాసను సరిదిద్దుతూ ఉండేవాణ్ణి. అప్పటి నా బుద్ధి అంతే. ఇప్పుడు దాన్ని మెత్తని మాటల్లో చుట్టి చెప్పడం నాకిష్టం లేదు.

నేను కృష్ణా జిల్లా నుంచి ఎనభైల మొదట్లో ఈ పటాన్‌చెరు వైపు ఉద్యోగానికొచ్చాను. స్టోర్స్‌లో అసిస్టెంటును. నట్లు, బోల్టులు, వెల్డింగు రాడ్లు ఇచ్చి సంతకం తీసుకోవడం నా పని. ఆ పని చేసేవాణ్ణని చెప్పుకోవడానికి సిగ్గుపడి, రచయితనని చెప్పుకునేవాణ్ణి. క్వార్టర్లలో మాకొక సాహితీ సంఘం ఉండేది. సభ్యులందరూ మా వైపువాళ్లే. నెలకోసారి కమ్యూనిటీ హాలులో కలిసేవాళ్లం. ఒకరు చదవాలి, మిగిలినవాళ్లు ఆహా అనాలి. అన్నవాళ్లకు తమ వంతు వచ్చినప్పుడు ఆ ఆహాలు తిరిగొచ్చేవి. తర్వాత మిరపకాయ బజ్జీలు వచ్చేవి. అందరం నిజంగా ఎదురుచూసేది వాటికోసమే. కిటికీలోంచి కెమికల్ వాసన కొడుతుంటే తలుపులు బిగించుకుని, గోదావరి గాలి గురించీ కృష్ణమ్మ పరవళ్ల గురించీ పద్యాలు చదువుకునేవాళ్లం. చుట్టూ ఉన్న ఊళ్ల పేర్లు మాకు బస్‌స్టాపులుగా మాత్రమే తెలుసు.

అలాంటి నేను తొంభైల మొదట్లో ఈ నేల మీద చారిత్రక నవల రాయడానికి పూనుకున్నాను. నలభై ఎనిమిదిలో సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు, ఆ తర్వాతి నెలల్లో పల్లెల్లో ఏం జరిగిందన్నది ఇతివృత్తం. అసలు సైనిక చర్య వారం తిరగకుండానే ముగిసింది. నా నవల మాత్రం నాలుగు వందల పేజీలు సాగింది. కథానాయకుడు ఎక్కడివాడో చెప్పనక్కర్లేదు. కృష్ణా జిల్లా యువకుడు. గుర్రం మీద వస్తాడు. అప్పటికి లారీలు, జీపులు ఉన్నాయని నాకు తెలుసు. కానీ గుర్రం లేకుండా చారిత్రక నవలేమిటి అనిపించింది. అతను ప్రతి ఊళ్లో దిగి ఉపన్యాసమిస్తాడు. ఊరివాళ్లు కళ్లనీళ్లతో వింటారు. ఆ పుస్తకం పేరు ఇక్కడ చెప్పను, చెప్పుకోదగ్గది కాదు.

ముసలమ్మ పాత్ర నాకు బస్సులో దొరికింది. రంజాన్ మర్నాడు ఆమె కొడుకు ఒక డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. మూత తీస్తే షీర్ ఖుర్మా.

"ఎక్కడిదండీ ఇది?" అన్నాను.

"మా అన్న తెచ్చిండు సారు."

"మీకు అన్నగారున్నారా?"

"సాయిబుల అన్న. సంగారెడ్డిల టైలర్ దుకానం ఉన్నది. ప్రతి రంజాన్‌కు మా అమ్మకు గిది తేవాలె, ఆమె తిన్నంకనే ఆయన ఇంటికి పోయి తినాలె. గట్ల నడుస్తున్నది ఎప్పట్నుంచో."

ఎందుకలా అని అడిగితే చెప్పాడు. సైన్యం వచ్చి వెళ్లాక ఊళ్లలో పాత పగలు లేచాయి. రజాకార్లతో ఏ సంబంధమూ లేని సాయిబుల ఇళ్ల మీద కూడా పడ్డారు. ఈ టైలరు అప్పుడు చిన్న పిల్లవాడు. అతన్నీ, చెల్లెల్నీ, తల్లినీ నా బస్సు మిత్రుడి తల్లి తమ కొట్టంలో చొప్ప కట్టల వెనుక దాచింది. అప్పుడామె కొత్త కోడలు. అత్తకు కూడా చెప్పకుండా దాచి అన్నం పెట్టింది.

"చెల్లె కాళ్ల పట్టగొలుసులు చప్పుడైతె దొరుకుతరని మా అమ్మనే ఇప్పించింది సారు. జొన్నల గుమ్మిల దాచిపెట్టింది. అంత సల్లబడ్డంక మళ్ల తనే ఆ పిల్ల కాళ్లకు తొడిగిందంట."

ఆ పిల్లల తండ్రి మాత్రం వాళ్లతో లేడు. ఊరి బయట జొన్నచేనులో దాక్కున్నాడు. ఎవరో చెప్పారు. అతన్ని పట్టుకుని చంపారు. చెప్పిందెవరో ఆ రోజూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు.

నాకు ఒళ్లు పులకరించింది. మంచి మెటీరియల్ అనుకున్నాను. ఆ మాటే అనుకున్నాను.

పేరు మార్చాలి కదా, అందుకని జాగ్రత్తగా అడిగాను. "మీ అమ్మగారి పేరేమిటండీ?"

"పేరా?" అని అతను కాసేపు ఆలోచించాడు. "రేషన్ కార్డుల ఉంటది సారు. ఊరంత పుట్టినూరి పేరుతోనే పిలుస్తరు గద."

ఈ ప్రాంతపు పల్లెల్లో కోడళ్లకు అదే పిలుపు. కొల్లూరు నుంచి వచ్చినావిడ కొల్లూరామె. గుమ్మడిదల నుంచి వస్తే గుమ్మడిదలామె. ముసలితనం వచ్చాక కూడా, మనవళ్లు పుట్టాక కూడా అదే. మా వైపు ఇంటిపేరుతోనో భర్త పేరుతోనో అంటారు కాబట్టి, దీన్ని నేను ఊరికే ఒక ఆనవాలు అనుకున్నాను. ఎవరైనా 'ఆ విజయవాడ వాళ్లు' అన్నట్టు. రేషన్ కార్డులో పేరు కనుక్కుని, దాన్ని మార్చి ఇంకో పేరు పెట్టాను. పుట్టినూరి పిలుపు మాత్రం అలాగే ఉంచాను. స్థానిక వాతావరణం కోసం. కొడుకే ఆలోచించాల్సి వచ్చిన పేరును దాచిపెట్టి, ఊరంతా పిలిచే పేరును అచ్చువేయించాను. ఆ ఊరికి ఆ పుట్టినూరి నుంచి వచ్చిన కోడలు ఆమె ఒక్కతే. ఆ పిలుపేదో ఇక్కడ రాయను. ఒకసారి రాసింది చాలు.

మొదటి ప్రతిలో ఆమె ద్రోహి కాదు. అసలేమీ కాదు. తలమీద చొప్పకట్టతో ఒక పేజీలో వచ్చి ఇంకో పేజీలో వెళ్లిపోయే మనిషి. అందులోనూ నా సోమరితనం చూడండి, నలభై ఎనిమిదిలో ఇరవై ఏళ్లున్న మనిషిని ముసలిదాన్ని చేశాను, నాకు తెలిసేనాటికి ఆమె ముసలామె కాబట్టి. సంఘంలో ఆ అధ్యాయం చదివిన రోజు మా అధ్యక్షుడు శాలువా సర్దుకుని అన్నాడు:

"యుద్ధం తర్వాతి కథలో ద్రోహం లేకపోతే ఎలాగయ్యా? కథానాయకుడి రక్తం మరగాలంటే ఎవడో ఒకడు అమ్ముడుపోవాలి."

"ఎవర్ని అమ్ముదామండీ?" అన్నాను. అందరూ నవ్వారు.

"ఆ ముసల్దుంది కదా, ఊరికే గడ్డి మోస్తోంది. దాన్ని అమ్మేసెయ్."

అంతే. ఒక మనిషి జీవితం బజ్జీలు వచ్చేలోపు అలా తేలిపోయింది. పట్టగొలుసులు ఎలాగూ ఉన్నాయి. చప్పుడు కాకుండా విప్పించినవి, నా నవలలో లంచమయ్యాయి. ముసలమ్మ వాటికి ఆశపడి, చేనులో దాక్కున్నవాడి జాడ చెప్పేసి, వాటిని గుమ్మిలో దాచుకుంటుంది. కథానాయకుడు గుర్రం దిగి, శవం పక్కన నిలబడి మూడు పేజీలు మాట్లాడతాడు. నవలలో చిన్న పాత్ర పని అదే అని నేను అప్పుడు నమ్మాను. పెద్దవాడి నోట్లోంచి మాట రావడానికి చిన్నవాళ్లు చావాలి, లేదా చెడిపోవాలి. వాళ్ల తరఫున రచయితను నిలదీసేవాళ్లు ఉండరు.

తర్వాతి నెల కొత్త ప్రతి చదివాను. ముసలమ్మ సంభాషణలు యాసలో, గొంతు మార్చి, మెడ వంచి, చేతులు కట్టుకుని చదివాను. "బాంచెన్ దొరా, గాడున్నడు, గా సేన్ల ఉన్నడు" అంటుంటే ఒకాయన కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. "ఆ ముక్క మళ్లీ చదవండి సార్" అన్నాడు. మళ్లీ చదివాను. ద్రోహం చేసే చోట జనం నవ్వుతున్నారంటే ఆ సన్నివేశం ఎంత నికృష్టమైనదో నాకు తట్టలేదు. మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను.

ఇలా తయారైన పుస్తకాన్ని ఆ ఆదివారం పట్టుకుపోయాను. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని తిప్పి చూసింది.

"గింత బరువున్నదేంది బిడ్డా! ఏమున్నది గిండ్ల?"

"పాత రోజుల కథ అమ్మా."

"రజాకార్ల నాటిదా?"

"అవునమ్మా, ఆ తర్వాతది."

"అయితె మా పెద్దోనికిస్త. వానికి గా నాటి ముచ్చట్లంటె పానం. ఎవరితోనన్న సదివించుకుంటడు." పెద్దోడంటే టైలరు. ఆమె పుస్తకాన్ని తీసుకుపోయి దేవుని గూట్లో పెట్టి వచ్చింది.

అప్పుడు పుస్తకం వెనక్కి తీసుకుని ఉండొచ్చు. అచ్చుతప్పులున్నాయమ్మా, ఇంకో కాపీ తెస్తానని చెప్పి ఉండొచ్చు. అబద్ధాలు నాకు కొత్త కాదు కదా. నేను పచ్చిపులుసు ఇంకొంచెం పోయమన్నాను.

కొన్ని వారాలకు రంజాన్ వచ్చింది. పండుగ తర్వాత మా బస్సు మిత్రుడు నా పక్కన కూర్చోవడం మానేశాడు. వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు. ఒకరోజు క్యాంటీన్‌లో వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"ఏమైందండీ, కనబడటం లేదు?"

"కనబడ్తనే ఉన్న గద సారు."

"ఒంట్లో బాగాలేదా?"

అతను ప్లేటు పక్కకు జరిపాడు. "మా అన్న రంజాన్‌కు రాలేదు. పుస్తకం మాత్రం మనిషితోని వాపస్ పంపిండు. మా అమ్మ గిన్నె కడిగి పెట్టుకోని పొద్దుగాల్నుంచి అరుగు మీదనే కూసున్నది. పొద్దుమూకినంక గూడ లోపలికి రాలే. 'వానికి పానం బాగలేదో ఏమో, జెర పోయి సూసి రా' అంటది. ఏం చెప్పాలె నేను?"

"ఆమెకు తెలుసా?"

"తెల్వదు. నేను చెప్పలె. పుస్తకం వాపసొచ్చినంకనే నేను గూడ సదివిన."

"నేను పేరు మార్చానండీ," అన్నాను.

అప్పుడతను నన్ను సారు అనడం మానేశాడు. "ఏ పేరు మార్చినవ్? రేషన్ కార్డు పేరా? గది ఎవనికెర్క? ఊరంత పిలిచే పేరు అట్లనే పెట్టినవ్ గద! మా అన్న చిన్నప్పట్నుంచి గదే పేరు విన్నడు. పట్టగొలుసులు పెట్టినవ్, చొప్ప పెట్టినవ్, గుమ్మి పెట్టినవ్. నా నోటితోని నేను చెప్పిన ముచ్చట్లే నా తల్లి మీదికి తిప్పినవ్. నువ్వు మా ఇంట్ల తిన్నవ్!"

చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారని నేను గొంతు తగ్గించమన్నాను. ఆ సమయంలో నాకు ముందుగా తోచింది అదే.

ఆ తర్వాతి ఆదివారం సంగారెడ్డి వెళ్లాను. పాత బస్టాండు దగ్గర సందులో చిన్న దుకాణం. మెడలో టేపుతో, బల్లమీద గుడ్డ పరిచి కత్తిరిస్తున్నాడు. యాభై దాటిన మనిషి.

"కుర్త కుట్టాల్నా సాబ్?"

"లేదండీ. ఆ పుస్తకం రాసింది నేను."

కత్తెర ఆపలేదు. గీసిన గీత చివరిదాకా కత్తిరించి, ముక్క మడతపెట్టి, అప్పుడు స్టూలు చూపించాడు. "కూసో."

"అదంతా కల్పన అండీ. ఆమె మీద రాసింది అబద్ధం."

"పట్టగొలుసులు అబద్ధమా?"

"అవి నిజం."

"చొప్ప?"

"నిజమే."

"గుమ్మి?"

"అదీ నిజమే."

"అన్ని నిజాలు రాసి, నడుమల ఒక్కటే అబద్ధం రాసిన అంటవ్. ఏది ఏందో నీకు ఎర్క. నాకెట్ల ఎర్కయితది?"

అతను తలవంచుకుని సుద్దముక్కను వేళ్లమధ్య తిప్పుతూ అన్నాడు:

"మా అమ్మీ సచ్చేదాక ఒకటే అడుగుతుండె, చేన్ల ఉన్నడని ఎవరు చెప్పిన్రు అని. ఎవ్వరు జవాబియ్యలే. ఇన్నేండ్లకు నువ్విచ్చినవ్. ఆమె చెయ్యలేదని నా దిల్ చెప్తది సాబ్. గని గిన్నె పట్టుకోని ఆమె ముంగట కూసుంటె నీ మాట యాదికొస్తది. పండుగ పూట గట్ల పోయి కూసోవాల్నా? గందుకె పోలే. ఇగ నువ్వు పో, గిరాకీ ఉన్నది."

దుకాణంలో గిరాకీ ఎవరూ లేరు.

సాహితీ సంఘానికి వెళ్లి, సభలో తప్పు ఒప్పుకుంటాననీ, పుస్తకాలు వెనక్కి తీసుకుందామనీ అన్నాను. అధ్యక్షుడికి చాలా వినోదంగా తోచింది.

"కల్పనకు క్షమాపణేమిటయ్యా? రేపు రాక్షసులు కూడా వస్తారు, మమ్మల్ని చెడ్డగా రాశారని!"

"పాత్ర లేచొచ్చి రచయిత కాలరు పట్టుకుందంటే, అంతకన్నా విజయమేముంది సార్!" అని ఇంకొకాయన. చప్పట్లు కొట్టారు. నా వంతు ఆహాలు నాకు ముట్టాయి. వాళ్లను అసహ్యించుకుంటూ ఇంటికొచ్చాను. కానీ 'దాన్ని అమ్మేసెయ్' అన్నది ఆయనైతే, అమ్మింది నేను. కలం నా చేతిలో ఉంది. ఆయన చేతిలో బజ్జీయే ఉంది.

ముసలమ్మకు చెప్పక తప్పదని అర్థమైంది. కొడుకు మొదట ఒప్పుకోలేదు. చివరికి, "నా నోటితోని నేను చెప్ప. నువ్వే చెప్పుకో" అని తీసుకుపోయాడు. ఆమె చింతపండులో గింజలు తీస్తోంది. నేను కింద కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె చేతులు మధ్యలో ఒకసారి ఆగాయి.

"నేను చెప్పిన్నని రాసినవా?"

"అవునమ్మా."

"గొలుసుల కోసమా?"

"అవును."

"అవి నా కాళ్లకు పట్టవు గద బిడ్డా. ఆ పిల్ల సన్నగుండె."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు అది నచ్చలేదు.

"అన్నం పెడితి గద నీకు. కూర మంచిగ కాలేదా?"

"బాగుందమ్మా."

"మరి గట్లెందుకు రాస్తివి?" అని, నేను నోరు తెరిచేలోపే, "వాడు విన్నడా?" అంది.

"విన్నాడమ్మా. అందుకే పండక్కి రాలేదు."

ఆమె చింతపండు పళ్లెం పక్కకు తోసింది. గొంతు లేచింది. "ఇగ లే. నా ముంగట ఏడ్వకు. నాకు చెప్తె ఏమొస్తది, నేను చెప్పలేదని నాకెర్కనే గద! వాని తానికి పో. వానికి నమ్మిక కుదిరేదాక పో. వాడు రాకపాయె, నువ్వొస్తివి. నిన్నేం జేసుకోవాలె నేను?"

కొడుకు నన్ను గేటు దాకా సాగనంపలేదు.

అప్పట్నుంచి ఆదివారాలు సంగారెడ్డి పోయేవాణ్ణి. టైలరు మొదట పట్టించుకునేవాడు కాదు. నేను వాకిట్లో నిలబడి, లోపలికి వచ్చే ముసలమ్మ ఊరివాళ్లతో పుస్తకంలో ఉన్నది అబద్ధమని చెప్పేవాణ్ణి. వాళ్లు నన్ను ఎగాదిగా చూసి, ప్యాంటు కొలతలిచ్చి పోయేవాళ్లు. ఎన్నిసార్లు చెప్పినా నా నోట వచ్చేది ఆ 'కల్పన' అనే మాటే. పెద్దమనిషి మాట అది. దాని వెనుక నా పరువు భద్రంగా దాక్కునేది. సభలో ఏం జరిగిందో ఎప్పుడూ చెప్పలేదు. ద్రోహాన్ని కల్పించానని ఒప్పుకోవడం తేలిక. బజ్జీల కోసం ఎదురుచూస్తూ కల్పించానని ఒప్పుకోవడమే నావల్ల కాలేదు.

ఒక ఆదివారం అతనే విసుక్కున్నాడు. "గది కాదు సాబ్. గా మాట నీ బుర్రలకు ఎట్లొచ్చింది? గది చెప్పు."

చెప్పాను. శాలువా, అధ్యక్షుడు, ద్రోహం కావాలనడం, "ఎవర్ని అమ్ముదాం" అని నేనడగడం, 'ఆ ముసల్దుంది కదా, ఊరికే గడ్డి మోస్తోంది' అనడం, అన్నీ.

"గట్లన్నరా?"

"అన్నారు."

"నువ్వు నవ్వినవా?"

"నవ్వాను."

అతను బల్ల కిందనుంచి స్టూలు లాగి నా ముందు వేశాడు. "పుస్తకం ఉన్నదా సంచిల? తియ్. గప్పుడు వాళ్ల ముంగట ఎట్ల సదివినవో గట్లనే సదువు."

వద్దండీ అన్నాను. చదవమన్నాడు. అదే గొంతుతో, అదే వంకరతో చదివాను. సంఘంలో అంత గుక్కతిప్పుకోకుండా వచ్చిన గొంతు ఇక్కడ మాట మాటకూ తడబడింది. 'బాంచెన్ దొరా' దగ్గర అతను చెయ్యెత్తాడు.

"ఎవరన్నట్టు గీ మాట?"

"ఆమే."

"ఆమె బాంచెన్ అన్నదా?" అతని మొహంలోకి మొదటిసారి కోపం కాకుండా ఇంకేదో వచ్చింది. "ఊరి పట్వారినే అరుగు మీద కూసోబెట్టి తిట్టిన మనిషి సాబ్ ఆమె! ఎన్నడు ఎవ్వని ముంగట గా మాట అనలే. గిట్ల వంగి వంగి మాట్లాడలే. గీమె ఎవరో! మా అమ్మ కాదు." అని నవ్వాడు. నన్ను చూసి నవ్వాడు, పురుగును చూసినట్టు. "నీకు ఆమె ఎవరో గూడ తెల్వదు. నీకేం తెల్వదు. నీ తాన నేను జవాబు ఎతుకుతున్న!"

మిషను మీద గుడ్డ కప్పి, దుకాణం షట్టరు దించాడు. నేను కూడా లేచాను.

"నువ్వు రాకు," అన్నాడు.

మెడలో టేపు తీయడం కూడా మరచి, బస్టాండు వైపు నడిచాడు. నేను సందు చివరిదాకా చూసి ఆగిపోయాను. ముసలమ్మకూ అతనికీ మధ్య ఏ మాటలు జరిగాయో నాకు తెలియదు. మర్నాడు బస్సులో ఆమె కొడుకు, నా వైపు తిరక్కుండానే, "మా అన్న వచ్చిండు. రాత్రి మా ఇంట్లనే పండుకున్నడు" అని చెప్పి వెనక సీటుకు వెళ్లిపోయాడు. నాతో అతను మాట్లాడిన ఆఖరి మాట దాదాపు అదే.

పని అక్కడితో అయిపోలేదు. ముసలమ్మ ఊరి నుంచి మా ప్లాంటుకు వచ్చేవాళ్లు పుస్తకం కొన్నారు. క్యాంటీన్‌లో బల్ల వేసి అమ్మింది నేనే. కొన్ని ఇళ్లలో ఒకరు చదివితే పదిమంది విన్నారు. టైలరు నమ్మినంత మాత్రాన ఊరు నమ్మినట్టు కాదు. ఆ వేసవి అంతా సెలవు దొరికినప్పుడల్లా ఆ ఊరికి పోయాను. ముసలమ్మ ఇంటి వైపు పోలేదు, పోయే మొహం లేదు. పుస్తకం ఉన్న ఇంటికల్లా వెళ్లి, అది వెనక్కి తీసుకుని, ఆమె గురించి రాసింది నేను పుట్టించిన అబద్ధమనీ, ఎక్కడ ఎలా పుట్టించానో, ఎవరెవరు నవ్వారో చెప్పాను. కొందరు తిట్టారు. ఒకచోట లోపలికి రానివ్వలేదు. కల్లు దుకాణం దగ్గర ఒకాయన సాంతం విని, సీసా కింద పెట్టి అడిగాడు:

"గప్పుడు అబద్ధం రాసిన అంటవ్. ఇప్పుడు నిజం చెప్తున్నవని మాకేం నమ్మిక?"

సరైన ప్రశ్నే. పక్క ఇంటికి పోయి, మళ్లీ మొదట్నుంచి చెప్పాను.